పెద్దమ్మగారి జపం

పెద్దమ్మగారు పోయారని నాకు తాడేపల్లిగూడెం స్టేషన్లో తెలిసింది. ఏలూరు వెళ్లే పాసింజరు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే నేను ఒకప్పుడు పనిచేసిన ఊరి మనిషొకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు.

"తమరు మా ఊళ్లో చేసిన టీచరమ్మగారు కాదండీ? పెద్దమ్మగారు పోయేరండి. పోయిన నెల్లోనేనండి."

"ఎలా పోయారండీ? జపంలో ఉండగానా?" అని అడిగాను. ఆవిడను ఎరిగినవాళ్లెవరైనా ముందు ఆ ప్రశ్నే అడుగుతారు.

"కాదండి. వాకిట్లో కూర్చుని కందిపప్పు కడుగుతున్నారంట. అలాగే గోడకి చేరబడిపోయేరంట. గిన్నె ఒళ్లోనే ఉందంటండి."

ఆయన కొంచెం చిన్నబోయినట్టుగా చెప్పాడు. అంత భక్తురాలు ఇంకాస్త గొప్పగా పోయి ఉండాల్సిందని ఆయన బాధ కాబోలు. ఆవిడకు పప్పు కడగడం వేరు, జపం వేరు కాదని ఆయనకు స్టేషన్లో నిలబడి ఎలా చెప్పను? ఇంతలో బండి వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఉంగుటూరు చేలు వెనక్కి పోతున్నాయి. ఏలూరు దిగేదాకా ఆవిడే కళ్లముందు ఉన్నారు.

నేను ఆ ఊరు వెళ్లింది 1930 దాటిన కొత్తల్లో. ఏలూరులో కన్యాస్త్రీల దగ్గర టీచరు ట్రైనింగు ముగించగానే, పెదపాడు దాటి కొల్లేటి వైపు పోతే వచ్చే ఒక ఊరి మిషను బడికి నన్ను వేశారు. చిన్న గుడి, దాని పక్కన తాటాకు పాక. ఆ పాకే బడి. విచారణ స్వాములవారు, అంటే ఆ చుట్టుపక్కల గుళ్లన్నీ చూసుకునే ఫాదరుగారు, ఏలూరులో ఉండేవారు. వీలైనప్పుడు వచ్చి పూజ చేసి వెళ్లేవారు. పెళ్లికాని పిల్లను ఎక్కడ ఉంచడమా అని ఆలోచించి ఆయనే నన్ను పెద్దమ్మగారింట్లో దింపారు.

"ఆవిడ దగ్గర నీకు భయం లేదమ్మా. జపం చెయ్యడం కూడా నేర్చుకోవచ్చు" అన్నారు.

ఆ రెండో మాటకు నాకు కోపం వచ్చింది. కన్యాస్త్రీలు నాకు నేర్పని జపం లేదు. లాటిను పాటలు కూడా వచ్చు. పల్లెటూరి ఆవిడ దగ్గర నేను కొత్తగా నేర్చుకునేదేమిటి?

మేము వెళ్లేసరికి ఆవిడ వీధరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తున్నారు. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే అడ్డపొగ. ఆ వైపు పెద్దవయసు ఆడవాళ్లకు అది మామూలే. పొడుగాటి మనిషి, చామనచాయ, మగవాళ్ల గొంతులాంటి గొంతు. స్వాములవారిని చూసి చుట్ట గబుక్కున తీసి, అరుగు కింద దాచి, లేచి నిలబడి దణ్ణం పెట్టారు. నోట్లోంచి పొగ మాత్రం ఇంకా వస్తూనే ఉంది. స్వాములవారు చూడనట్టు ఊరుకున్నారు.

వాళ్లది ఎప్పుడో తాతల నాడు గుంటూరు సీమ నుంచి వచ్చి కొల్లేటి ఒడ్డున పొలాలు కొనుక్కున్న కుటుంబం. అప్పటికే కేథలిక్కులు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంట్లో ఆవిడా, అత్తగారూ. అత్తగారు బాగా పెద్దావిడ, మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. ఉమ్మడి గోడకు అవతల మరిదిగారి కాపురం. పెద్ద కోడలు కాబట్టి ఊరంతా ఆవిడను పెద్దమ్మగారనే అనేవారు.

ఇంట్లో ఉన్న పుస్తకం ఒకటే. పునీతుల చరిత్రలు. అట్టలు ఊడిపోతే ఎవరి చేతో గోనెగుడ్డ వేసి కుట్టించారు. సాయంత్రం దీపం పెట్టగానే ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలు ఒక్కొక్క మాట కింద జరుపుతూ పైకి చదివేవారు. చదవడం కంటే పోట్లాడటం ఎక్కువ. ఎప్పుడో రోము రాజుల కాలంలో బతికిన మనుషుల్ని పక్క ఊరి చుట్టాల్లా మాట్లాడేవారు.

"ఇంకా ఓణీ వెయ్యని పిల్లట టీచరమ్మా! దేవుణ్ణి కాదనమంటే అననందిట, కత్తికి మెడ వంచిందిట. ఆ వేళ వాళ్లమ్మ ఎక్కడుందో, ఎలా తట్టుకుందో, దాని మాట ఒక్క ముక్క రాయలేదు చూడు."

ఇనుపచట్రం మీద పడుకోబెట్టి కాల్చిన ఒక వేదసాక్షి, ఈ పక్క కాలింది ఇక తిప్పండర్రా అన్నాడని చదివినప్పుడు ఆవిడ కడుపు పట్టుకుని నవ్వారు. "మా తాత పోలిక! చచ్చేముందు కూడా వేళాకోళమే" అన్నారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే అవి నవ్వువల్ల వచ్చిన నీళ్లేనా అని నాకు అనుమానం వచ్చింది.

ఏళ్ల తరబడి స్తంభం మీద నిలబడి తపస్సు చేసిన ఒక మహానుభావుడి చరిత్ర చదివిన సాయంత్రం మాత్రం పుస్తకం మధ్యలోనే మూసేశారు.

"ఆయనకు కింద నుంచి అన్నం ఎవరు అందించారే?" అన్నారు.

"ఎవరో శిష్యులై ఉంటారండి."

"శిష్యులు అందించారు సరే. వండింది ఎవరు? ఎవరో ఆడది వండే ఉంటుంది. వానలో, ఎండలో, ఒంట్లో బాగున్నా బాగులేకపోయినా. ఆవిడ పేరు పుస్తకంలో లేదు."

ఆ సాయంత్రం జపమాల చివర ఆవిడ ఆ పేరు తెలియని వంటామెను తలుచుకుని దేవమాతకు ఒక మంగళవార్త జపం చెప్పారు. తరువాత నేను ఉన్నన్నాళ్లూ ఆ జపం మానలేదు.

నాకు మొదట్లో ఆవిడ జపం నచ్చలేదు. కళ్లు మూసుకునేవారు కాదు. మోకాళ్ల మీద ఉండేది తక్కువ. చల్ల చిలుకుతూ చెప్పేవారు, గేదెకు కుడితి పెడుతూ చెప్పేవారు. మధ్యలో పాలేరును కేకలేసి మళ్లీ వదిలిన చోట అందుకునేవారు. ఒక్కో జపం అయ్యాక పైకి చూసి, "విన్నావా?" అని గద్దించేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇలా పనిలో పడి చెబితే మనసు నిలుస్తుందాండీ? సిస్టర్లు ముందు ఏకాగ్రత ఉండాలనేవారు."

ఆవిడకు కోపం రాలేదు. కవ్వం ఆపి ఆలోచించారు. "తల్లి వంట చేస్తుంటే చంటిది పక్కన కూర్చుని ఆడుకుంటుంది చూడు. ఉన్నట్టుండి అమ్మా అంటుంది. ఏమే అంటే ఏమీ లేదంటుంది. తల్లి ఉందో లేదో చూసుకుంటుందన్నమాట. నాకు అంతకంటే చాతకాదే."

మరోసారి కొల్లేటి మధ్య లంకలో ఎవరినో చూడబోయి తాటిదోనెలో తిరిగి వస్తున్నాము. గాలి రేగింది. తాటి మాను తొలిచి చేసిన ఆ దోనె ఒరిగినప్పుడల్లా నీళ్లు ఒళ్లోకి వస్తున్నాయి. ఆవిడ జపమాల తిప్పుతూనే ఉన్నారు. "భయం వెయ్యడం లేదాండీ?" అని అరిచాను. "ఎందుకు వెయ్యదే? చచ్చేంత భయం. భయపడుతూనే చెబుతున్నాను" అని అరిచారు ఆవిడ కూడా.

ఆ తరువాత, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక సాయంత్రం ఆ పుస్తకంలో తొలినాటి క్రైస్తవుల సంగతి ఒకటి చదివారు. ఏదో పెద్ద పట్నంలో మహమ్మారి వచ్చిందిట. వైద్యులతో సహా జనం తమవాళ్లను వీధుల్లో వదిలేసి పారిపోయారుట. క్రైస్తవులు మాత్రం ఊళ్లోనే ఉండి, తమను హింసించిన వాళ్లను కూడా కడిగి, గంజి పోసి, వాళ్లతోపాటే చచ్చిపోయారుట. ఆవిడ వేలు ఆ వాక్యం మీద ఆగిపోయింది.

"నేనైతే బండి కట్టించేదాన్నే టీచరమ్మా" అన్నారు నెమ్మదిగా. "నా సంగతి నాకు తెలుసు. మన కాలవ అవతలి పేటలో ఇన్నేళ్లలో గుక్కెడు మంచినీళ్లు తాగిన దాన్ని కాదు. ఇక మహమ్మారి మాట చెప్పాలా?"

ఆ పేట సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడివాళ్లు పెద్దింటివాళ్ల, అంటే పెద్దమ్మగారి బంధువుల, పొలాల్లో కూలికి వచ్చేవాళ్లు. వాళ్లూ కేథలిక్కులే, అదే గుడికి వచ్చేవాళ్లు. కాని గుడిలో ముందు చాపలు పెద్దింటివాళ్లవి. ఆ వెనక కొంత ఖాళీ. ఆ ఖాళీ వెనక పేటవాళ్లు. పూజలో క్రీస్తు శరీరమని స్వాములవారిచ్చే సత్ప్రసాదపు అప్పం వీళ్లు తీసుకుని వచ్చి కూర్చున్నాకే వాళ్లు లేచేవాళ్లు. అలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

ఆ వేసవిలోనే కొల్లేటి నీరు బాగా తీసి, కాలవలో బురద తేలినప్పుడు, పేటలో కలరా మొదలైంది. ఏలూరు నుంచి సూదిమందు వేసేవాళ్లు వస్తారన్నారు, రాలేదు. ఊళ్లో చుట్టాలున్న వాళ్లంతా తలుపులు బిగించుకుని తలో దిక్కూ పోతున్నారు. మరిదిగారు భార్యాబిడ్డల్ని ముందు పంపేసి, మమ్మల్ని ఏలూరు తీసుకుపోవడానికి ఒక తెల్లవారుజామున బండి కట్టించారు. అత్తగారు, పెద్దమ్మగారు, నేను ఎక్కి కూర్చున్నాం.

బండి కాలవ గట్టెక్కింది. అవతలి ఒడ్డునే పేట. అక్కడి నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది. పిల్లలు ఏడవడం మామూలే. కాని ఆ బిడ్డను ఊరుకోబెట్టే గొంతు ఎంతకీ వినబడలేదు. ఏడుపు ఒక్కటే, చాలా దూరం మా వెంట వచ్చింది.

"బండి ఆపించవయ్యా" అన్నారు పెద్దమ్మగారు.

"ఎందుకు వదినా?" అన్నారు పక్కన నడుస్తున్న మరిదిగారు.

"ఆపమన్నానా?"

బండి ఆగింది. ఆవిడ దిగారు. దిగి చక్రం పట్టుకుని నిలబడ్డారు.

"ఎక్కడికే?" అన్నారు అత్తగారు లోపల్నుంచి. కోడలు కాలవ అవతలకు చూపించింది. ముసలావిడ ముఖం రాయిలా అయిపోయింది. "అక్కడికి వెళ్లావంటే మళ్లీ నా ఇంట్లో పొయ్యి ముట్టుకోకు. నీ చేతి కూడు నేను తినను."

"అలాగేనత్తయ్యా" అన్నారు ఆవిడ. ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగా ఒప్పుకున్నట్టే.

నేనూ దిగాను. "నువ్వెందుకు దిగావే?" అన్నారు నన్ను చూసి.

"తెలీదండి."

"సరే, రా. నీళ్లు కాద్దువుగాని."

కాలవ మీద తాటిపట్టెల వంతెన. సగం దాకా వెళ్లి ఆవిడ ఆగిపోయారు. పైకి చూసి, పక్కన నేనున్న సంగతి మరిచిపోయి, గట్టిగా అన్నారు: "నాకు వెళ్లాలని లేదు. వెళ్లాలని నాకెంత మాత్రమూ లేదు. నువ్వు వెళ్లమంటున్నావని వెళ్తున్నాను. విన్నావా?" తరువాత చీర కుచ్చెళ్లు దోపుకుని మిగతా సగం దాటేశారు.

బిడ్డ ఏడుపు వినబడే గుడిసెలో ఒక బాలింత పడి ఉంది. పెద్దమ్మగారి పొలంలో నాట్లు వేసే పిల్లే. మొగుడు ముందు రోజే పోయాడు. అత్త గుమ్మం పక్కన తల పట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూడగానే ఆ బాలింత, కళ్లు గుంటలు పడి, పెదాలు ఎండిపోయి ఉన్న ఆ మనిషి, మోచేతుల మీద లేచి గోడవైపు జరగబోయింది.

"దగ్గరికి రాకండి అమ్మగోరూ. మిమ్మల్ని ముట్టుకుంటానేమో."

ఆ మాట వినగానే పెద్దమ్మగారి ముఖంలో ఏమయిందో నేను చెప్పలేను. ఎవరో చెంప మీద కొట్టినట్టు తల పక్కకు తిప్పుకున్నారు. మరుక్షణం లోపల ఉన్నారు. కింద కూర్చుని ఆ పిల్ల తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు.

"లేవకే తల్లీ. లేవకు. నేనే వచ్చాను."

నేను పొయ్యి రాజేసి నీళ్లు మరిగించాను. ఉప్పు వేసి గంజి కాచాను. ఆవిడ చెంచా చెంచాగా పోశారు. కక్కితే తుడిచి మళ్లీ పోశారు. ఎండ ఎక్కింది. "దాహమేస్తోంది. ఆ కాచిన నీళ్లు నాకూ కాసిని పొయ్యి" అన్నారు ఆ బాలింత అత్తతో. అత్త కదల్లేదు.

"మా ముంతతోనాండీ?"

"మీ ఇంట్లో మా ముంత ఎక్కణ్ణుంచి వస్తుందే!"

ఆవిడ ఆ ముంత రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆవిడ కళ్లు మూసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ముంత ఖాళీ చేసి కింద పెట్టి, "ఇంకాస్త పొయ్యి" అన్నారు.

తరువాత గుడిసె గుడిసెకూ తిరిగాం. ఎన్నాళ్లు తిరిగామో నాకు గుర్తులేదు. బతికినవాళ్లు ఉన్నారు, పోయినవాళ్లు ఎక్కువ. పోయినవాళ్ల కళ్లు ఆవిడే మూసేవారు, నుదుట సిలువ గుర్తు వేసేవారు. నేను బాలింత కొడుక్కి మేకపాలు కాచి గుడ్డ ఒత్తితో పట్టేదాన్ని. ఒక పొద్దుటిపూట, "జపమాల చెప్పుకోనేలేదండీ ఈ మధ్య" అన్నాను. "ఈ మురికి చేతుల్తో పూసలు పట్టుకోలేక మానేశానే. ఆయనే సర్దుకుంటాడు" అన్నారు.

ఆ సాయంత్రమే నేను చూశాను. గుడిసె బయట గుంజకు ఆనుకుని కూర్చున్నారు, భుజం మీద ఆ పసివాడు నిద్రపోతున్నాడు. కొల్లేరు మీదుగా గూడబాతులు బారుగా పోతున్నాయి. గంజి తాగమని పిలిచాను. వినలేదు. ముందుకు వెళ్లి మళ్లీ పిలవబోయి ఆగిపోయాను. ఎదురుగా కూర్చుని ఎవరో ఇష్టమైనవాళ్లు మాట్లాడుతుంటే వినే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం. ఎదురుగా మట్టి నేల, చెత్త, ఎండిన కాలవ తప్ప ఏమీ లేవు. నా చేతిలో గంజి చల్లారిపోయింది. నేను కదిలితే ఏదో చెదిరిపోతుందని భయం వేసింది. ఏలూరు గుడిలో ఆర్గను మోగుతున్నా, సాంబ్రాణి పొగ లేచినా నాకు ఎన్నడూ అలాంటి భయం వెయ్యలేదు.

వానలు పడి నీరు మారాక జబ్బు తగ్గింది. బాలింత బతికింది. ఊరు తిరిగి వచ్చింది. అత్తగారు చిన్న కొడుకు ఇంట్లో దిగారు. గోడకు ఇవతల కోడలు, అవతల అత్త. ముసలావిడ అన్నమాట తప్పే మనిషి కాదు. పెద్దమ్మగారు ఆ సంగతి ఎత్తేవారు కాదు గాని, అన్నం ఉడికినప్పుడల్లా చెయ్యి అలవాటుగా అత్తగారి కంచం వైపు పోయేది.

ఆగస్టులో దేవమాత పండుగ. అది ఆ గుడి పండుగ. ఆ రోజు పూజ అయ్యాక పెద్దమ్మగారి పెరట్లో బంధువులందరికీ భోజనాలు. పేటవాళ్లు ఎవరి గిన్నెలు వాళ్లు తెచ్చుకుని గోడ బయట పెట్టించుకోవడం ఆనవాయితీ. ఆ ఏడు పెద్దమ్మగారు ముందుగానే ఇల్లిల్లూ తిరిగి చెప్పారు: అందరికీ ఒకటే పంక్తి, పెరట్లోనే.

పూజ అయింది. పెరడంతా అరిటాకులు పరిచాం. బంధువులు ఒక్కరూ రాలేదు. పేటవాళ్లు వచ్చారు గాని గోడ దగ్గరే ఆగిపోయారు. ఆవిడ వెళ్లి పిలిచారు. "మేం లోనికొస్తే రేపు మాకు కూలెవరిస్తారండీ?" అన్నాడొక పెద్దాయన తల వంచుకుని. వెనక్కి వచ్చి ఖాళీ ఆకుల మధ్య నిలబడ్డారు. అన్నం ఆవిర్లు పోతున్నాయి.

చాలాసేపటికి ఆ బాలింత ఒక్కతే, బిడ్డను చంకనేసుకుని గడప దాటి వచ్చింది. చివరి ఆకు ముందు, కూర్చోవచ్చో లేదో అన్నట్టు కూర్చుంది. ఆవిడ వడ్డించారు. ఆ పిల్ల ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేతిని అన్నం దగ్గర పెట్టి, ముద్ద ఎత్తలేక ఉండిపోయింది.

అప్పుడు గోడ అవతలి తలుపు తీసిన చప్పుడయింది. అత్తగారు. ఊతకర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. వరసగా పరిచి ఉన్న ఖాళీ ఆకుల్ని చూశారు. చివరనున్న మనిషిని చూశారు. బాలింత హడలిపోయి లేవబోయింది.

"కూర్చో. విస్తరి ముందు నుంచి లేవకూడదు" అన్నారు ముసలావిడ. తరువాత కర్ర గోడకు ఆనించి, ఆ పిల్ల పక్క ఆకు ముందు, మోకాళ్లు సహకరించక నానా తంటాలూ పడి, చతికిలబడ్డారు. "కోడలా, నాకు వడ్డించవేం?"

పెద్దమ్మగారు వడ్డించారు. గరిటె ఆకు మీద పడి అన్నం చెదిరింది. ముసలావిడ రెండు ముద్దలు తిన్నారు. పక్కకు చూశారు. ఆ పిల్ల ఇంకా తినడం లేదు.

"ఏం తింటావే ఒంటిచేత్తో. పిల్లాణ్ణి ఇటు తే" అని వాణ్ణి లాక్కుని తన ఒళ్లో పెట్టుకున్నారు.

గోడ దగ్గర నిలబడ్డ వాళ్లలో ఇందాకటి పెద్దాయనే చెప్పులు విప్పి పక్కన పెట్టి గడప మీద కాలు పెట్టాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల వెనక పిల్లలు. ఒకరి వెంట ఒకరుగా వస్తూనే ఉన్నారు, పెరట్లో పరిచిన ఆకులు చాలవని తెలిసిపోయింది.

పెద్దమ్మగారు మోకరించలేదు, పైకి చూడలేదు. చెంపల మీద నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "టీచరమ్మా, లోపల మిగిలిన ఆకులన్నీ పట్రావే" అన్నారు.

నేను లోపలికి వెళ్లాను. సత్ప్రసాదానికి వెళ్లేటప్పుడు నడిచినట్టు, అడుగు చప్పుడు కాకుండా.